నల్లరేగడి నుంచి బట్టీ దాకా: శనగ సాగు, అమ్మకంలో నా అనుభవం

తిరుపతి చుట్టుపక్కల శనగ వేసేవాళ్లు పెద్దగా కనబడరు. మావి ఎక్కువగా ఎర్రనేలలు. వానకు చెనక్కాయ, నీళ్లుంటే వరి, చెరుకు, లేదంటే మామిడి తోట. కానీ శనగ వాడకంలో మాత్రం ఈ ఊరికి సాటి వచ్చే ఊళ్లు తక్కువ. కొండమీద లడ్డూకు బూందీ దూయాలంటే శనగపిండి ఉండాలి. కొండకింద వందల టిఫిన్ అంగళ్లలో చట్నీకి పుట్నాలు ఉండాలి. శ్రావణమాసం వాయనాలకు నానబెట్టిన శనగలు, దసరాకు గుగ్గిళ్లు, పెళ్లిళ్లకు బజ్జీలు, పూర్ణాలు. ఇక్కడ సరుకుల అంగడి నడుపుతున్న నాకు ఈ ఖర్చంతా రోజూ కళ్లముందు కనబడేదే.

మా అమ్మ పుట్టిల్లు కడప జిల్లా జమ్మలమడుగు వైపు. అంతా నల్లరేగడి. మా మామకు ఊహ తెలిసినప్పటి నుంచీ రబీలో శనగే. ఆయన పండించిన గింజ కళ్లంలోనే దళారి కాటా ఎక్కి ఎటో పోయేది. పోయిన గింజ పప్పై, పిండై, మళ్లీ నా అంగడికే రావడం నేనెరుగుదును. మధ్యలో ఎవరెవరు ఎంత తింటున్నారో ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాక, ఆ దారి మనమే ఎందుకు పట్టకూడదన్న ఆలోచన వచ్చింది. మామ చేను చూసుకుంటాడు, నేను అమ్మకం చూసుకుంటాను. ఒప్పందం అంతే.

విత్తనం కొనకముందు నేను చేసిన మొదటి పని కొనేవాళ్ల దగ్గరికి పోవడం. శనగ గురించి ఎవరడిగినా ఇప్పటికీ ఇదే చెబుతాను. శనగ అంతా ఒకటే అనుకుంటాం. కొనేవాళ్లు అలా అనుకోరు. పప్పు మిల్లుకు కావాల్సింది ఒకటి, పుట్నాల బట్టీకి కావాల్సింది ఇంకొకటి, ఓడ ఎక్కించేవాడికి కావాల్సింది వేరొకటి. ఎవరికి అమ్ముతామో తేలకుండా విత్తితే ఎవడు వస్తే వాడికి, వాడు చెప్పిన ధరకు ఇచ్చుకోవాలి.

పుట్నాల బట్టీలో ఒక పొద్దంతా కూర్చున్నాను. శనగల్ని మొదట వేడి ఇసుకలో కాసేపు వేపుతారు. తర్వాత నీళ్లు చిలకరించి, కుప్ప పోసి, గోనె పట్టాలు కప్పి ఆ రాత్రికి వదిలేస్తారు. మర్నాడు ఇసుక బాగా కాలాక మళ్లీ వేస్తారు. గింజ ఉబ్బి, పొట్టు టపటపా పగులుతుంది. ఆ వేడిమీదే రోలర్ల మధ్య నుంచి పోనిస్తే పొట్టు ఒకపక్క, పచ్చటి పప్పు ఒకపక్క. బట్టీ అన్న ఇనప గరిటెతో ఇసుకలోంచి ఒక గుప్పెడు తీసి జల్లెడ మీద పోసి చూపించాడు. కొన్ని బంగారు రంగులో ఉన్నాయి, కొన్ని నల్లగా మాడాయి, కొన్ని గట్టిగా అట్లే ఉండిపోయాయి.

"చూడుబ్బా, నీ శనగ ఎంత మంచిదైనా అన్నీ ఒక సైజులో లేకపోతే నాకు పనికిరాదు. చిన్నది మాడిపోతాది, పెద్దది పచ్చిగా ఉంటాది. జల్లెడ పట్టి ఒక సైజు తెచ్చియ్యి, మండీ ధర కంటే పైన ఇస్తా" అన్నాడు. మా ఇద్దరి వ్యాపారం అంతా ఆ మాట మీదే నిలబడింది.

పప్పు మిల్లాయన సైజు గురించి పట్టించుకోలేదు. పొట్టు పలచగా ఉందా, పుచ్చు ఉందా, క్వింటాకు పప్పు ఎంత దిగుతుంది, ఇవే అడిగాడు. మామూలుగా 100 కిలోల శనగకు 70 నుంచి 75 కిలోల పప్పు వస్తుంది. మిగతాది పొట్టు, నూక. ఆ పొట్టును పారేసే సరుకు అనుకోకూడదు. మా చిత్తూరు వైపు పల్లెల్లో పాడి ఆవులు లేని ఇల్లు తక్కువ. శనగ పొట్టు వచ్చిందంటే పాడిరైతులు సంచులు పట్టుకొని వస్తారు. జమ్మలమడుగులో అమ్మితే మాకు దక్కని లాభం ఇది. తిరుపతికి తెచ్చి పప్పు పట్టించడం వల్లే చేతికొచ్చింది.

ఇక ఎగుమతి. చెన్నై జార్జిటౌన్‌లో పప్పుధాన్యాలు ఎగుమతి చేసే ఒక వ్యాపారిని కలిశాను. తెలుగాయనే, మాట కలిసింది. ఎర్ర శనగ వద్దన్నాడు. మన దేశమే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ శనగ పండించి, చాలక బయటి నుంచి తెచ్చుకుంటుంది కదా, మన దగ్గర నుంచి బయటికి పోయేది ఎక్కువగా కాబూలీయే, అంటే తెల్ల శనగే అన్నాడు. మామ అంతకుముందు పండించిన కాక్-2 అనే కాబూలీ రకం గింజలు చిన్న పొట్లంలో తీసుకుపోయాను. ఆయన నగల కాటా లాంటి చిన్న తూనిక మీద 28 గ్రాములు తూచి, తెల్లకాగితం మీద పోసి, పెన్ను మొనతో ఐదేసి చొప్పున పక్కకు తోస్తూ లెక్కపెట్టాడు. కాబూలీ వ్యాపారం మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. ఔన్సుకు, అంటే ఆ 28 గ్రాములకు, ఎన్ని గింజలు తూగాయన్నదాన్ని బట్టే ధర. 42–44 అంటే బాగా పెద్ద గింజ, 58–60 అంటే మధ్యరకం. కాక్-2 వంద గింజలు 35–40 గ్రాములు ఉంటాయి. అంటే ఔన్సుకు 70 నుంచి 80 దాకా పడతాయి. "పెద్ద గింజకు మెక్సికో వాళ్లతో పోటీ. మీది చిన్న సైజు. గల్ఫ్‌కు, శ్రీలంకకు పోతుంది, కానీ పెద్ద గింజ ధర అడగొద్దు" అని మొహమాటం లేకుండా చెప్పాడు. నాకు ఆ నిక్కచ్చితనం నచ్చింది.

ఇవన్నీ విని వచ్చాక మామతో కూర్చుని పొలం పంచుకున్నాం. ఎక్కువ భాగం జేజీ-11 అనే ఎర్ర శనగ రకం. ఎండు తెగులును తట్టుకుంటుంది, 90–100 రోజుల్లో చేతికొస్తుంది, ఈ ప్రాంతానికి బాగా అలవాటు పడిన విత్తనం. ఒకప్పుడు ఇక్కడంతా అన్నిగేరి రకమే వేసేవాళ్లు. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి తెచ్చిన జేజీ-11 వచ్చాక అది వెనకబడింది. ఒక పట్టీలో నంద్యాల పరిశోధన స్థానం వాళ్ల ఎన్‌బీఈజీ-47 వేశాం. ధీర అంటారు. మొక్క నిటారుగా పెరుగుతుంది, కాయలు నేలకు ఎత్తులో ఉంటాయి, అందుకే మిషన్ కోతకు అనుకూలం. మిగిలిన కొద్దిపాటి నేలలో కాక్-2.

విత్తడానికి అక్టోబరు, నవంబరు. రేగడిలో పదును పట్టడమే అసలు విద్య. వాన పడగానే దిగితే గొర్రుకు బంక చుట్టుకుంటుంది, నాలుగు రోజులు ఎక్కువ ఆగితే పైన ఆరిపోతుంది. మామ మడమతో నేల తొక్కి చూసి ఈరోజు వద్దు, రేపు పొద్దున అని చెప్పేస్తాడు. నేను ఆ పని ఎంత చూసినా పట్టుబడలేదు, ఆయనకే వదిలేశాను. జేజీ-11 విత్తనం ఎకరాకు 25–30 కిలోలు సరిపోతుంది. కాబూలీకి గింజ పెద్దది కాబట్టి 45 కిలోలకు పైనే పడుతుంది, ఖర్చు అక్కడే పెరిగిపోతుంది. విత్తనానికి తెగుళ్లను ఆపే ట్రైకోడెర్మా విరిడి పట్టించి, విత్తే ముందు వేళ్లకు నత్రజని పట్టిచ్చే రైజోబియం కలిపి, నీడలో ఆరబెట్టి విత్తాం. అడుగున ఎకరాకు ఒక బస్తా డీఏపీ. శనగకు ఎరువు మీద ఎరువు అక్కర్లేదు. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, కాయ తగ్గుతుంది.

నెల తిరిగేసరికి తలలు తుంచాలి. తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. ఆ తుంచిన లేత ఆకును పారేయరు, పప్పులో వేస్తారు. పుల్లపుల్లగా ఉండే ఆ పప్పు జొన్న సంగటిలోకి భలే ఉంటుంది. ఆ పులుపు ఆకు మీది ఆమ్లాలది. మంచు పడ్డ పొద్దున చేలో నడిస్తే పంచె తడిసి కాళ్లు చుర్రుమంటాయి. మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం ఉంటాయట ఆ ఆకు మీద. పూర్వం చేను మీద రాత్రి తెల్ల బట్ట పరిచి, తెల్లారి పిండి, ఆ పుల్లనీళ్లు సీసాలో దాచి కడుపునొప్పికి వాడేవాళ్లమని మా అవ్వ చెప్పేది. చిన్నాచితకా పురుగుల్ని ఆ పులుపు దగ్గరికి రానివ్వదు.

పచ్చపురుగును మాత్రం అది ఆపదు. పూత మొదలయ్యాక పురుగు కాయకు రంధ్రం చేసి తల లోపలికి పెడుతుంది, ఒళ్లు మాత్రం బయటే వేలాడుతుంటుంది. ఆకుల మధ్య అదే పచ్చరంగు కాబట్టి ఆరంభంలో కంటికి ఆనదు. ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి, వాటిలో పడే రెక్కల పురుగుల్ని రోజూ లెక్కపెట్టేవాళ్లం. లెక్క పెరిగిందంటే గుడ్లు పడుతున్నట్టే. ఎకరాకు ఇరవై దాకా కర్రలు పాతి అడ్డపుల్లలు కట్టాం. పసులపోలిగాళ్లు వాటిమీద వాలి పొద్దంతా పురుగుల్ని ఏరుకుని తింటాయి. గట్ల వెంట బంతి వేశాం, తల్లిపురుగు బంతిపూలకు ఆశపడి అక్కడ గుడ్లు పెడుతుంది. పురుగు చిన్నగా ఉన్నప్పుడే వేపనూనె, ఎన్‌పీవీ ద్రావణం కొట్టించాం. ఎన్‌పీవీ సాయంత్రమే కొట్టాలి. అది వైరస్, ఎండకు చచ్చిపోతుంది. మందుల అంగడివాళ్లు ఈ సంగతి చెప్పరు, రైతులు పొద్దున పదింటికి కొట్టి పనిచేయలేదంటారు. పురుగు ముదిరాక ఏ మందు కొట్టినా డబ్బు దండగే.

కోతకు జేజీ-11ను మనుషులే పీకారు, తెల్లవారుజామున, మంచు తడి మీద ఉండగానే. ఎండెక్కితే కాయలు చిట్లి రాలిపోతాయి. ధీరను మిషన్ కోసేసింది. కూలీలు దొరకని ఊళ్లలో రాబోయేది ఇదేనని మామ కూడా ఒప్పుకున్నాడు, గింజ కొంచెం పగులుతుందని మాత్రం గొణిగాడు. ఎకరాకు ఏడు క్వింటాళ్లకు అటూ ఇటూగా దిగుబడి వచ్చింది. వానాధారం నల్లరేగడిలో ఇది మంచి పంటే.

అసలు పని కళ్లంలో మొదలైంది. మద్దతు ధర కేంద్రంలో తేమ 14 శాతం దాటితే తీసుకోరు. కానీ మా వరకు అది చాలదు, నిల్వ పెట్టాలంటే 10 శాతం దగ్గరికి రావాలి. పట్టాల మీద పలచగా పరిచి, మధ్యాహ్నానికోసారి కాళ్లతో దున్ని, పంటికింద గింజ పటుక్కుమని రెండు ముక్కలయ్యేదాకా ఎండబెట్టాం. తర్వాత తూర్పారబట్టి జల్లెడలు పట్టాం. మూడు సైజుల కన్నాల జల్లెడలు. పై జల్లెడలో ఆగిన లావు గింజ బట్టీకి, మధ్యది పప్పు మిల్లుకు, కిందికి జారిన నొక్కులు, బద్దలు దాణాకు. ఊళ్లో ఆడవాళ్లు చాటలతో రాళ్లు, మట్టిగడ్డలు, నల్లగింజలు ఏరారు. రేగడి మట్టి గడ్డ సరిగ్గా శనగ సైజులోనే ఉంటుంది, జల్లెడకు చిక్కదు, కంటితోనే పట్టాలి. బట్టీ రోలర్లో అది పడిందంటే పప్పంతా మట్టి వాసన. ఈ ఏరుడు కూలి వృథా అని ఊళ్లో కొందరన్నారు. బట్టీలో దక్కిన ధరలో ఆ కూలి పోను ఇంకా చాలా మిగిలింది.

నిల్వలో శత్రువు పుచ్చు పురుగు. గింజ చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూస్తే పొట్టు మీద తెల్ల చుక్కలు కనబడతాయి. అవే దాని గుడ్లు. చుక్కలు కనబడ్డాక బస్తా ఉంచితే రెండు నెలల్లో సగం పిండే. మేం గాలి చొరబడని మూడు పొరల సంచులు వాడాం, లోపలి గాలి ఒత్తి తీసేసి గట్టిగా ముడేశాం. మిగిలినదాన్ని వెంటనే పప్పు పట్టించాం. బద్ద చేసిన పప్పుకు పుచ్చు బెడద తక్కువని పెద్దవాళ్లు చెప్పేది నిజమే. శీతల గిడ్డంగి జోలికి పోలేదు. ప్రకాశం జిల్లాలో కాబూలీ శనగలు గిడ్డంగుల్లో పెట్టి, ధర కోసం ఏళ్ల తరబడి కాచుకుని, అద్దె, వడ్డీ మీద పడి నలిగిపోయిన రైతుల సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే.

ప్రభుత్వం కొనాలంటే ఈ-పంటలో, అంటే సర్కారు పంటల లెక్కలో, నమోదు ఉండాలి. అది లేకపోతే ఎంత మంచి సరుకైనా కేంద్రం గడప దాటదు. కౌలు రైతులు ఇక్కడే ఎక్కువ దెబ్బ తింటారు, పంట వాళ్లది, పేరు ఇంకొకరిది. మద్దతు ధర క్వింటాకు 2024–25 మార్కెటింగ్ సీజన్‌కు 5,440, 2025–26కు 5,650, 2026–27కు 5,875 రూపాయలు. ఆ ధరను నేను అమ్మకానికంటే బేరానికి ఎక్కువ వాడుకున్నాను. దళారి అంతకంటే కిందికి వస్తే సంచి ముడి విప్పేది లేదు.

ఒక దెబ్బ మాత్రం తగిలింది. పక్క జిల్లా వ్యాపారి ఒకడు నమూనా చూసి ధర ఒప్పుకుని, లారీ వాళ్ల గోదాము దగ్గర ఆగాక నాణ్యత లేదని క్వింటాకు ధర కోసి, తరుగు పేరుతో ఇంకో రెండు కిలోలు లాగాడు. లారీ వెనక్కి తెస్తే బాడుగ మీదపడుతుంది. వాడికి ఆ లెక్క తెలుసు. రైతును రోడ్డు మీద నిలబెట్టి బేరం ఆడడం కంటే అన్యాయం ఇంకొకటి లేదు. అప్పటి నుంచి ప్రతి లాట్‌కూ అరకిలో నమూనా పొట్లాలు రెండు, ఇద్దరి సంతకాలతో సీలు వేసి, చెరొకటి ఉంచుకున్నాకే లారీ కదులుతుంది. అడ్వాన్సు పడకుండా బస్తా ఎక్కదు.

తిరుపతిలో అమ్మకం నేననుకున్నదానికంటే సులువుగా సాగింది. లావు గింజ బట్టీ అన్న తీసుకున్నాడు. మధ్యరకం కూలికి పప్పు పట్టించి అంగట్లో అమ్మాను, కొంత పిండి ఆడించాను. మిఠాయి అంగడాయన మా పిండి చిటికెడు నీళ్లలో కలిపి, కాగిన నూనెలో చుక్కలుగా వదిలి, బూందీ పొంగిన తీరు చూశాకే మాట్లాడాడు. మార్కెట్లో పసుపు బఠాణీ పిండి కలిసిన శనగపిండి చవకగా దొరుకుతోంది. 2023 డిసెంబరు నుంచి ఆ బఠాణీని సుంకం లేకుండా దిగుమతి చేసుకోనిచ్చారు, 2025 నవంబరులో గానీ 30 శాతం సుంకం వేయలేదు. ఆ రెండేళ్లూ శనగ రైతుకు నేరుగా పోటీ అదే. స్వచ్ఛమైన పిండికి పైధర ఇచ్చేవాళ్లు తిరుపతిలో ఉన్నారని నాకు ఆ మిఠాయి కొట్లోనే ధైర్యం వచ్చింది. తిరుమలకు సరుకు పోవాలంటే పెద్ద ఎత్తున ఇవ్వగలిగినవాళ్లకే సాధ్యం, మాలాంటి వాళ్ల స్థాయి కాదు. అయితే 2021 నుంచి స్వామివారి ప్రసాదాలకు ప్రకృతి సేద్యపు ఉత్పత్తులు తీసుకోవడం మొదలుపెట్టారు కదా, మామను రసాయనాలు మాన్పించడానికి నాకు దొరికిన గట్టి కారణం అదే. ఒక పొలంలో మొదలుపెట్టాడు.

కాబూలీ సంగతి. ఎగుమతి లైసెన్సు అనగానే భయపడతారు గానీ, విదేశీ వాణిజ్య శాఖ సైట్‌లో ఐఈసీ అనే ఎగుమతి, దిగుమతి నంబరు ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు, రుసుము 500 రూపాయలే. వ్యవసాయ ఎగుమతులు చూసే అపెడా సంస్థలో నమోదు కూడా పెద్ద కష్టం కాదు. కష్టమంతా సరుకు దగ్గర. 20 అడుగుల కంటైనర్ నిండాలంటే 24 టన్నుల దాకా కావాలి. మా కాక్-2 అందులో ఒక మూలకు రాదు. అందుకే ఊళ్లో కాబూలీ వేసినవాళ్లందరినీ కలిపి, ఒకే రకం, ఒకే జల్లెడ సైజు పెట్టుకుని, చెన్నై వ్యాపారి పేరు మీదే పంపాం. రంగు తేడా గింజల్ని ఏరే మిషన్, పురుగు చావడానికి పొగబెట్టడం, సరుకులో పురుగు, తెగులు లేదని ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, ఎక్కడ పండిందో చెప్పే పత్రం, ఇవన్నీ ఆయన చూసుకున్నాడు. వాటి ఖర్చు మా ధరలో కోసుకున్నాడు, లెక్క రాసి చూపించాడు. స్థానిక కాబూలీ ధర కంటే చేతికి కొంచెం మిగిలింది. కొంచెమే. కానీ కోతలు పోను డబ్బు రోజు తప్పకుండా ఖాతాలో పడింది, ఊళ్లో అదే పెద్ద మాటయింది.

ధరను చేనులో కంటే ఢిల్లీలో ఎక్కువ నిర్ణయిస్తారని ఈ పనిలో దిగాకే బాగా తెలిసింది. 2018లో దిగుమతి శనగ మీద సుంకం 60 శాతానికి పెంచారు. 2024 మేలో పూర్తిగా ఎత్తేశారు, ఆస్ట్రేలియా శనగ ఓడల్లో దిగింది. 2025 ఏప్రిల్ నుంచి 10 శాతం వేశారు. సుంకం తగ్గిందన్న వార్త వచ్చిన వారంలోనే మండీలో కొనేవాడి గొంతు మారిపోతుంది. అందుకని విత్తే ముందు వాన వార్తలతో పాటు సుంకం వార్తలు కూడా మామకు చదివి వినిపిస్తున్నాను.

ఈసారి బట్టీ అన్న ముందే చెప్పాడు, లావు గింజ ఎంతున్నా తీసుకుంటానని. జేజీ-11 విస్తీర్ణం పెంచుతున్నాం. ధీరకు ఇంకో పట్టీ చేరింది, మిషన్ ఎక్కడా కాయ వదలకుండా ఎంత ఎత్తులో కోయాలో డ్రైవరుతో మాట్లాడుకోవాలి. కాక్-2 దగ్గర మాత్రం మామకు, నాకు ఇంకా తెగలేదు. విత్తనం ఖర్చుకు ఆ ధర చాలదంటాడు ఆయన. పెద్ద గింజ వచ్చే కాబూలీ రకం నంద్యాలలో అడిగి చూద్దామంటాను నేను. విత్తనాలు ఇచ్చే రోజుల్లో ఇద్దరం నంద్యాల పోయి, గింజ కళ్లారా చూసి, 28 గ్రాములు తూచుకుని వస్తాం.